గీతల కింద స్వరాలు

ఆ గదిలోకి ఎవరైనా రావాలంటే ముందు లోపలున్న మనిషి లేవాలి. తలుపు లోపలికి తెరుచుకుంటుంది, కుర్చీ దానికి అడ్డం. లేచి, కుర్చీని బల్ల కిందికి తోసి, గోడకు ఆనుకుని నిలబడితే గానీ తలుపు రాదు. రంగస్థలం కింద, ఒకప్పుడు నాటకాల దుస్తులు దాచిన గది. కిటికీ లేదు. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, తొమ్మిదేళ్లుగా ఒక ఆమె.

పాటల నాటకాలు ఆడే ఆ థియేటర్లో వాద్యబృందానికి కాగితాలు తయారుచేయడం ఆమె పని. బృందాన్ని నడిపేది మాస్టారు. వయొలిన్లకు ప్రతి స్వరమూ రాయాలి. డ్రమ్స్, బేస్ గిటార్, పియానోల పద్ధతి వేరు. వాళ్ల కాగితం మీద ఒక్కో బార్‌కి, అంటే ఒక్కో తాళావర్తానికి, నాలుగు ఏటవాలు గీతలు, పైన కార్డ్ పేరు ఉంటే చాలు. ఇన్ని దెబ్బలు, ఈ స్వరాల గుంపు, మిగతాది మీ ఇష్టం అని అర్థం. సాఫ్ట్‌వేర్‌లో బార్లు ఎంచుకుని ఒక్క మీట నొక్కితే గీతలు బారులు తీరతాయి. అందుకే డ్రమ్మరు ఆమెకు గీతలమ్మ అని పేరు పెట్టాడు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తెలిసి ఉండాలి.

ఆమె పియానో నేర్చుకున్న మనిషి. ఈ గదికి రావడానికి కారణం బావగారు, అంటే భర్తకు అన్న. ఆయన ఈ థియేటర్లోనే పియానో వాయించేవాడు. రాసింది పెడితే ఒక్క తప్పు లేకుండా వాయిస్తాడు. గీతలు చూస్తే మాత్రం వేళ్లు కదలవు. తొమ్మిదేళ్ల కిందట ఒకరోజు ఆమె బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని కాగితం చూపించాడు.

“అమ్మాయ్, పదహారు బార్లు ఉత్త గీతలే. మాస్టారేమో నీ ఇష్టం అంటాడు. నా ఇష్టమేంటో నాకేం తెలుసు?”

ఆమె పదహారు బార్లూ రాసిచ్చింది. మరుసటి నెలలో కాగితాలు రాసే ఆయన మానేస్తే, ఆ పనికి బావగారే ఆమె పేరు చెప్పాడు. రెండు వారాలకని వచ్చింది.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక వెసులుబాటు ఉంది. స్వరాలు రాసి, వాటిమీద గీతలు పరిస్తే స్వరాలు చెరిగిపోవు, దాక్కుంటాయి. ఒకే ఫైలులో మాస్టారి ప్రతిలో గీతలు, బావగారి ప్రతిలో స్వరాలు కనిపించేలా పెట్టుకోవచ్చు. తొమ్మిదేళ్లు అలాగే గడిచాయి. మాస్టారు తన ముందున్న గీతలు చూస్తూ, అటు వినిపించే పియానోకి తలూపేవాడు.

“మీ బావగారి చెయ్యి చూశావా? రాసిస్తే వచ్చేది కాదమ్మా అది.”

“అవునండి” అనేది ఆమె.

ఈ ఏడాది బావగారు రిటైరవుతున్నాడు. ఆయన స్థానానికి నలుగురు వచ్చి గురువారం ఉదయం వాయిస్తారని తెలిసి, తన వాయింపూ వినమని ఆమె మాస్టారిని అడిగింది.

“నువ్వు పైకొచ్చేస్తే ఈ గది ఎవరు చూస్తారు?” అని నవ్వాడాయన. ఆమె నవ్వలేదు. “సరే, అయిదోదానివి నువ్వు.”

ఆ వారమంతా ఇంట్లో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కీబోర్డు సాధన చేసింది. బస్సు డ్రైవరైన భర్తకు మీటల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు.

“వడ్రంగం నేర్చుకుంటున్నావా ఏంటి?” అన్నాడు.

“బయటపడే దారి చూసుకుంటున్నా.”

“ఎక్కడినుంచి?”

ఆమె మళ్లీ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

గురువారం అయిదుగురికీ ఒకే కాగితం ఇచ్చారు. రెండో అంకంలోని పాట, పదహారు బార్లు, అన్నీ గీతలు. ముందురోజు ప్రింటు తీసింది ఆమే. బావగారిని గౌరవంగా మొదటి వరసలో కూర్చోబెట్టారు.

ఆమె కొత్తగా ఏదో వాయించాలనుకునే కూర్చుంది. మొదటి రెండు బార్లు అనుకున్నట్టే వచ్చాయి. మూడో బార్‌లో తోడుగా వాయిస్తున్న డ్రమ్మరు అలవాటుగా ఒక దెబ్బ ఆపాడు, పాత పియానో అక్కడ ఆగేది కాబట్టి. ఆమె వేళ్లూ ఆగాయి. బేస్ గిటారు కూడా తొమ్మిదేళ్లుగా ఎరిగిన చోటికే దిగింది. అక్కడినుంచి ముగ్గురూ పాత దారిలో పడ్డారు. తప్పుకుందామని పదో బార్‌లో ఒకసారి ప్రయత్నించింది. డ్రమ్మరు తత్తరపడ్డాడు. ఆమె తిరిగి పాత దారికే వచ్చేసింది.

మాస్టారు కళ్లజోడు తీశాడు.

“అచ్చు మీ బావగారేనమ్మా. ఒక్క స్వరం పొల్లుపోలేదు. ఇన్నేళ్లు కింద కూర్చుని బాగా విన్నట్టున్నావు. కానీ గీతలున్నది ఎవరి సొంతం వాళ్లు వాయించడానికి కదా?”

ఆమె మొదటి వరస వైపు చూసింది. బావగారు తన చేతి వేళ్లు చూసుకుంటున్నాడు. కాసేపటికి, “బాగా వాయించింది” అన్నాడు.

గదికి వచ్చి ఫైలు తెరిచి గీతలు ఎత్తేసింది. పదహారు బార్ల స్వరాలూ బయటపడ్డాయి. ప్రింటు తీసింది. మాస్టారి గదికి మెట్లెక్కితే చాలు. ఆ కాగితం చూపిస్తే, ఆదివారం సన్మానం జరగాల్సిన మనిషి తొమ్మిదేళ్లూ ఏం చేశాడో అందరికీ తెలుస్తుంది. ఆ మనిషీ తనూ ఒకే ఇంట్లో ఉంటారు. కాగితాలు సొరుగులో పెట్టింది.

ఆ సాయంత్రం ఇంట్లో తోటికోడలు అంది: “ఎంతైనా మీ బావగారి చెయ్యి వేరు. పోనీలే, దించినా అంత బాగా దించావట.”

బావగారు కంచంలోంచి తలెత్తలేదు. తర్వాత ఆమె గిన్నెలు తోముతుంటే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“మాస్టారికి నేను చెప్పేస్తానమ్మాయ్.”

“చెప్పండి బావగారూ.”

“ఆదివారం కానిచ్చి.”

ఆదివారం అయింది. గోడగడియారం ఇచ్చారు, ఫొటోలు తీశారు. సోమవారం ఆయన గోడకు మేకు కొట్టి ఆ గడియారం తగిలించాడు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఆమె మర్నాడు అడుగుదామనుకుంది, ఆ మర్నాడు కూడా.

పియానో స్థానం నలుగురిలో ఒకమ్మాయికి వచ్చింది. బాగా వాయిస్తుంది, ఏ రోజుకారోజు కొత్తగా. పది రోజులకు ఆ అమ్మాయి కింది గది తలుపు తట్టింది. ఆమె లేచి, కుర్చీ తోసి, గోడకు ఆనుకుంది.

“అక్కా, పాట పాడే ఆవిడకి నా వాయింపుతో ఊపిరి అందట్లేదట. పాతాయన ఆగే చోట్లే అలవాటట. మాస్టారు ఆయనలాగే వాయించమంటున్నారు. రికార్డింగ్ విని రాసిపెడతారా?”

ఆమె సొరుగులోంచి కాగితాలు తీసిచ్చింది.

“అప్పుడే రాసేశారా? ఆయన వాయిస్తుంటే విని రాసుకున్నారా?”

“కాదు. ముందు నేను రాశాను. తర్వాత ఆయన వాయించారు.”

“భలేవారక్కా మీరు” అని ఆ అమ్మాయి నవ్వింది. కాగితాలు చూస్తూ గాల్లో వేళ్లు ఆడించింది. “బావుంది. రెండో అంకానికి మిగతావి కూడా ఇలాగే కావాలి. అవీ ఉన్నాయా?”

“ఉన్నాయి.”

“రేపటికి?”

“రేపటికి.”

ఆ అమ్మాయి బయటికి వెళ్లడానికి ఆమె మళ్లీ గోడకు ఆనుకుని దారి ఇచ్చింది. తలుపు మూశాక కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫైలు తెరిచి, పదిహేడో బార్ నుంచి గీతలు ఎత్తేయడం మొదలుపెట్టింది.