లోపల ఎవరో ఉన్నారు

దొరలు బెంగళూరు వెళ్ళిపోయాక సికింద్రాబాదు రాంగోపాల్‌పేట్‌లోని ఆ పెంకుటింటికి ప్రేమమణి ఒక్కతే దిక్కయింది. దొర రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఆంగ్లో ఇండియన్. ఆయన పిల్లలకు ఆయాగా చేరిన ప్రేమమణి, వాళ్ళు పెద్దయ్యాక వంటమనిషిగా అక్కడే నిలిచిపోయింది. నిజాం రాజ్యంలో గొడవలు సద్దుమణిగాక వస్తామని చెప్పి, తాళాలు ఆమె చేతిలో పెట్టి వెళ్ళారు.

ప్రేమమణికి భయం పుట్టుకతో వచ్చింది. పిల్లి గోడ దూకినా గుండె పట్టుకునే మనిషి. అలాంటి మనిషిని, దొర తల్లి ముసలి దొరసాని కన్నుమూసి ఏడాదైనా కాని ఇంట్లో ఒంటరిగా వదిలారు. దొరసాని గది వెనకవైపు ఉంది. ప్రేమమణి అటు ఊడ్వడానికి కూడా వెళ్ళేది కాదు.

ఒక్క భయమే అయితే ఎలాగో మోసేది. ఆలేరు అవతల పల్లెలో పిల్లలకు చదువు చెప్పుకునే ఆమె తమ్ముడు జీవరాజును, పోయిన చలికాలంలో ఖాకీ తొడిగిన రజాకార్లు కొట్టి చంపారు. కడసారి చూపు కూడా దక్కలేదు. అప్పటినుంచి ఖాకీ గుడ్డ కంటపడితే చాలు, ఆమె నోట్లో చేదు ఊరేది. పగవాళ్ళను క్షమించే మనసియ్యమని రోజూ మోకరించేది. లేచేసరికి పళ్ళు బిగుసుకుని ఉండేవి.

ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే ఆలిసమ్మ దగ్గర ఒకసారి ఏడ్చింది.

"నాతోని అయితలేదమ్మా. రోజూ ఓడిపోతున్న."

"నీతోని కాదు బిడ్డా," అంది ఆలిసమ్మ. "నీతోనే అయ్యేదుంటే ప్రభువెందుకొచ్చి నీలో కాపురముంటడు? నువ్వు జెర పక్కకు జరుగు. ఆయన్ని చెయ్యనియ్యి."

ప్రేమమణి తలూపింది. పక్కకు జరగడమంటే ఏమిటో మాత్రం ఆమెకు అంతుపట్టలేదు.

సెప్టెంబరులో ఇండియా సైన్యం సరిహద్దు దాటిందన్న కబురు వచ్చింది. సికింద్రాబాదుకు మాట పడిపోయినట్టయింది. రైలు కూత లేదు, టాంగా చప్పుడు లేదు. పట్టపగలే దుకాణాలు మూసుకున్నాయి. ముసురు పట్టిన ఆకాశంలో ఎక్కడో విమానం గుర్రుమని పోతే, వీధి కుక్కలు కూడా మొరగకుండా అరుగుల కిందికి దూరేవి.

అలాంటి ఒక మధ్యాహ్నం ప్రేమమణి బియ్యం ఏరుతుంటే, వెనక గదిలో టక్కుమంది. కాసేపాగి మళ్ళీ టక్కు. ఆమె చేతిలో చేట ఒరిగిపోయింది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. దొరసాని చేతికర్ర చప్పుడది.

మర్నాడు కుండలో నీళ్ళు తగ్గాయి. ఉట్టిమీది రొట్టె మాయమైంది. వంటింటి షాబాదు బండలమీద తడి అడుగు ఒకటి కనిపించింది, ఒకే కాలిది. రెండో కాలు ఉండాల్సిన చోట గుండ్రటి చిన్న మరక. ప్రేమమణి చెంగు నోట్లో కుక్కుకుని, వీధి అరుగుమీదే రోజంతా కూర్చుంది. లోపలికి పోతే దొరసాని, బయటికి పోతే కర్ఫ్యూ.

ఆ మర్నాడు నిజాం లొంగిపోయాడన్న వార్త గుప్పుమంది. వీధిలో కేకలు, పరుగులు, ఎక్కడో తలుపులు పగలగొడుతున్న చప్పుడు. ఆ హోరులో వెనక గదినుంచి మాట వినిపించింది. దొరసానిది కాదు, మగగొంతు.

"పాట ఆపు... అరె, పాట ఆపు..."

ప్రేమమణి గోడ పట్టుకుని నడిచి, తలుపు తోసింది. సందులోకి తెరుచుకునే వెనక తలుపు గడియ ఊడి ఉంది. మంచం పక్కన దొరసాని చేతికర్ర. నేలమీద ఒక మనిషి. ఒంటిమీద ఖాకీ, తొడకు నెత్తుటి గుడ్డ, జ్వరంతో కణకణలాడే ముఖం. వీధి చివర బట్టలు కుట్టే అల్లాఉద్దీన్. మొన్నటిదాకా ఈ ఇంటి ముందే కవాతు చేసినవాడు.

"ఏం పాట?" అంది ఆమె. జీవరాజు ఏ పని చేస్తున్నా కీర్తన పాడుతూనే ఉండేవాడు. "ఎవరు పాడిన్రు? యాడ?"

అతనికి ఆమె కనబడటం లేదు. "పాడుకుంటనే సచ్చిండు," అని గొణిగి జ్వరపు మగతలోకి జారాడు.

ఆమె బయటికొచ్చి తలుపుకు గొళ్ళెం పెట్టింది. ఒక్క కేక వేస్తే చాలు. వీధిలోవాళ్ళే చూసుకుంటారు. కేక గొంతుదాకా వచ్చింది కూడా.

"ప్రభువా, నేను మాఫ్ చెయ్యలేను," అంది గొళ్ళెం పట్టుకునే. "చెయ్యాలని సుత లేదు. నువ్వు లోపల ఉన్నది నిజమైతే నువ్వే కానియ్యి. నేను జరుగుతున్న."

అప్పుడు, ఎవరూ లేరనుకున్న ఇంట్లో పక్కనే ఎవరో మెల్లగా ఊపిరి తీసినట్టు, తన లోపలే ఇంకొకరు మెలకువగా ఉన్నట్టు తోచింది. ద్వేషం ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. కానీ దాన్ని దాటుకుని చెయ్యి కదిలింది. గొళ్ళెం తీసింది. నీళ్ళ చెంబు అతని పెదవులకు ఆనించింది. ఆ చెయ్యి తనదేనా అని ఆమె దాన్ని కొత్తగా చూసుకుంది.

సాయంత్రం కాకముందే పక్కసందు వడ్రంగి వీరయ్య నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. అందరి చేతుల్లో కర్రలు.

"ప్రేమమణక్కా, దర్జీగాడు గిటు దూరిండంట. సూసినవా?"

"ఉన్నడు. నా తానే ఉన్నడు."

వీరయ్య తెల్లబోయాడు. "నీ తమ్మున్ని సంపినోళ్ళల్ల ఒకడక్కా వాడు! జరుగు."

ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. రెండు చేతులతో ద్వారబంధం పట్టుకుంది. "మిలిటరోళ్ళకు అప్పజెప్త. తప్పు చేస్తే జైల్ల ఏస్తరు. మీ చేతుల సచ్చుడు మాత్రం కాదు. నన్ను కొట్టి పోతరా, పోండ్రి."

పిల్లి చప్పుడుకు ఉలిక్కిపడే మనిషిని వాళ్ళు అందరూ ఎరుగుదురు. ఎదురుగా ఉన్నది ఆమె కాదేమో అన్నట్టు చూశారు. వాళ్ళలో ఒకడు మెల్లగా వెనక్కి అడుగేశాడు. వీరయ్య కర్ర దించి, "నీకేమో పట్టిందక్కా," అంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు సైన్యం బండి వస్తే, ఆమే దగ్గరుండి అల్లాఉద్దీన్‌ను ఎక్కించింది. కొన్నేళ్ళకు జైలునుంచి వచ్చాక అతను మల్కాజ్‌గిరి వైపు కుట్టుమిషను పెట్టుకున్నాడు. ఒకసారి బజారులో ఎదురైతే ఆమె అడిగింది. "ఆ దినం పాట ఆపు అన్నవ్. ఎవలది?"

అతను తల దించుకున్నాడు. "నాకు యాదికి లేదమ్మా," అన్నాడు.

నిజమో అబద్ధమో ఆమెకు తెలియలేదు. ఇంటికి వచ్చేదాకా పళ్ళు బిగుసుకునే ఉన్నాయి. గడప దగ్గర ఆగి, "జరుగుతున్న ప్రభువా," అని మళ్ళీ అనుకుని లోపలికి వెళ్ళి, పొయ్యి రాజేసుకుంది.