సాంబ చేతికి రెండు చుట్లు

మా చిన్నప్పుడు గేదెను మేతకు తోలుకెళ్తే పలుపుతాడు ఊరికే పట్టుకునేవాళ్లం కాదు... అరచేతికి రెండు చుట్లు తిప్పి పిడికిలి బిగించేవాళ్లం. గేదె ఎంత గుంజినా తాడు జారేది కాదు. మా కాలవగట్టు పిల్లలందరికీ తెలిసిన విద్యే.

తొమ్మిదో తరగతిలో ఆ విద్య నేను సాంబకి నేర్పాను.

ఆ ఏడు మా బెజవాడ స్కూలు వాళ్లు మమ్మల్ని మూడు రోజుల సాహస శిబిరానికి తీసుకెళ్లారు. కృష్ణ ఒడ్డున, కొండ కింద... గుడారాలు, ఎక్కే వలలు, తాళ్ల వంతెన. ఏ సెక్షన్ అంటే ర్యాంకుల వాళ్లు. బీ సెక్షన్ అంటే మేము.

మొదటి రోజే మొదలైంది. వల ఎక్కుతుంటే పైనున్న ఏ సెక్షన్ కిరణ్ బూటుకాలితో సాంబ మొహం తొక్కాడు. ముక్కులోంచి రక్తం. రెండో రోజు అన్నాల వరసలో స్టీలు కంచాలతో కొట్టుకున్నాం. నా కనుబొమ మీద మచ్చ అప్పటిదే.

"పేడ చేతులురా వీళ్లవి... తాడుక్కూడా కంపు పడుతుంది" అన్నాడు కిరణ్.

"రేపు తాడు లాగుడులో నీ పళ్లు లెక్కపెట్టుకో" అన్నాడు సాంబ.

నిజానికి వాడు పేడ ముట్టినవాడే కాదు. వాళ్ల నాన్నగారిది ఆటోనగర్లో లారీల కింద బిగించే కమాను కట్టల కొట్టు. నా పక్కన కూర్చుంటాడు గనక నా తిట్లు వాడూ తిన్నాడు.

మూడో రోజు పొద్దున్నే తాడు లాగుడు. మా వైపు చిట్టచివర సాంబ, వాడి ముందు నేను.

"ఒరేయ్, చెమటకి జారిపోతోందిరా..."

"చేతికి రెండు చుట్లు వేసుకో. చచ్చినా జారదు."

"నువ్వు వేసుకున్నావా?"

"ఆఁ" అన్నాను. వేసుకోలేదు.

విజిల్ పడింది. కాసేపు లాగాం. తర్వాత మా ముందువాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. అందరూ తాడు వదిలేశారు. నేనూ వదిలేశాను.

సాంబ వదల్లేకపోయాడు.

అవతల ఇరవై మంది. గెలిచామని కేకలు పెడుతూ ఇంకా లాగుతూనే ఉన్నారు. సాంబ కంకర మీద బోర్లా ఈడ్చుకుపోయాడు. వాడి అరుపు ఆ కేకల్లో కలిసిపోయింది. తాడు విప్పేసరికి చిటికెన వేలు, దాని పక్క వేలు... వేళ్లలా లేవు.

మావాళ్లు ఏ సెక్షన్ మీద పడ్డారు. అందరికన్నా ఎక్కువ కొట్టింది నేనే. కిరణ్‌ని కింద పడేసి, వాడి పెదవి చీలేదాకా గుద్దాను. కోపంతో కాదు. ఎవరూ నా వైపు చూసి ఒక్క ప్రశ్న వేయకూడదని...

శిబిరం సార్ నడుం బెల్టు తీసి దొరికినవాణ్ణి దొరికినట్టు బాదాడు. తర్వాత సాంబ దగ్గరికెళ్లి, "ఎవడు చెప్పాడ్రా ఇలా చుట్టుకోమని?" అన్నాడు.

సాంబ నన్ను చూశాడు. "నేనే చుట్టుకున్నానండి."

ఆ రెండు వేళ్లూ తీసేశారు. వాళ్ల నాన్నగారు కొట్లోంచి గ్రీజు చేతులతోనే ఆసుపత్రికి వచ్చారు. కట్టు చూశారు. విషయం విన్నారు. మంచం మీదున్నవాణ్ణి చెంప మీద ఒక్కటి కొట్టారు.

"గొడ్డువట్రా నువ్వు? గొడ్డు కూడా తనంతట తాను తాడు కట్టుకోదు!"

నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. అక్కణ్ణుంచే వెనక్కి తిరిగాను.

పదో తరగతితో నా చదువు ఆగింది. సాంబ కొట్లో కూర్చున్నాడు. మూడు వేళ్లతోనే బోల్టులు బిగిస్తాడు. కొత్తవాళ్లెవరొచ్చినా వాళ్ల నాన్నగారు "మావాడి ఘనకార్యం" అని ఆ కథ చెప్పేవారు. సాంబ నవ్వి ఊరుకునేవాడు.

పోయిన వారం మా అమ్మాయి స్కూల్లోంచి కాగితం తెచ్చింది. సాహస శిబిరం, మూడు రోజులు, తండ్రి సంతకం. పెన్ను తీసి మళ్లీ జేబులో పెట్టేశాను. బండి తీసి ఆటోనగర్ వెళ్లాను. సాంబ, వాళ్ల నాన్నగారు ఇద్దరూ కొట్లోనే ఉన్నారు.

"బాబాయ్ గారూ... ఆ రోజు తాడు చుట్టుకోమని చెప్పింది నేనండి."

"ఇప్పుడెందుకురా అదంతా? టీ తాగు" అన్నాడు సాంబ, తలెత్తకుండానే.

పెద్దాయన కళ్లజోడు తీశారు. కొడుకును చూశారు. తర్వాత నన్ను.

"అయితే ఆ రోజు నేను కొట్టిన దెబ్బ నీదన్నమాట."

"అవునండి."

చెయ్యి లేపారు. నేను కదల్లేదు. ఆ చెయ్యి గాల్లోనే ఆగి, బల్ల మీద వాలిపోయింది.

"ఇప్పుడు ఓపిక లేదురా..." అన్నారు.

ఇంటికొచ్చి మా అమ్మాయి కాగితం మీద సంతకం పెట్టాను. ఇప్పటి శిబిరాల్లో చేతులకు తొడుగులిస్తున్నారు, తలకు టోపీలిస్తున్నారు... మంచిదే. మా రోజుల్లో అవేమీ లేవు. సాంబ ఉన్నాడు.

మీ దెబ్బ కూడా ఎవరైనా తిన్నారా? ఇక్కడ రాయండి. కానీ ముందు వాళ్లింటికి వెళ్లి చెప్పండి... కొట్టినవాళ్ల చేతిలో ఇంకా బలం ఉండగానే.