నింద మోసిన కంప్యూటరు

భార్య పోయాక పెట్టిన సెలవుకు ఈ రోజు ఆఖరి రోజు. ఇంట్లో కంప్యూటరు గుయ్యిమంటోందని ఆవిడ ఏడాదిగా సాధించేది. నాకు వినిపించేది కాదు, కంప్యూటరు తప్పేమీ లేదని వాదించేవాణ్ణి. ఇప్పుడు వినిపిస్తోంది. పక్కింటి సైకిల్ షాపు మునిరత్నం పాత ట్యూబు ముక్కలు తెస్తే, అదురు తగ్గుతుందని కంప్యూటరు కింద పెట్టాను. శబ్దం పోలేదు. విసుగొచ్చి ప్లగ్గు పీకాను. అయినా పోలేదు!

మునిరత్నం చెవి రిక్కించి వంటింట్లోకి నడిచాడు.

"అన్నా, ఈడ సూడు! గుయ్యిమంటా ఉండేది వదినమ్మ రేడియో!"

ఆపితే స్టేషను మళ్ళీ దొరకదని ఆవిడ దాన్ని ఎప్పుడూ ఆపేది కాదు, శబ్దం తగ్గించేదంతే.

"అయితే గెలిచింది నేనే," అన్నాను.

"ఆయమ్మ ఉంటే ఒప్పుకునేదా?"

మీ ఇళ్ళలో ఒప్పుకుంటారా? రేపు పొద్దున ఆఫీసుకు వెళ్ళేముందు శబ్దం పెంచి, ఆ స్టేషను అక్కడే ఉందో లేదో చూస్తాను.