మొదటి మాటకే సరేనన్న ఇందుజ

దెందులూరు ఇందుజకు తెలిసిన మర్యాద ప్రకారం, ఎవరైనా తినమంటే రెండుసార్లు వద్దనాలి. మూడోసారికి మొహమాటపడుతూ కూర్చోవాలి. ఏలూరులో ఆరేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నా, రోగుల బంధువులిచ్చే జామపండునైనా ఆమె ఈ క్రమం తప్పి అందుకోలేదు.

ఆ మర్యాదే జర్మన్ మౌఖిక పరీక్షలో ఆమెను రెండుసార్లు ముంచింది. జతగా కూర్చున్న అభ్యర్థితో కలిసి ఒక విందుకు వంటకాలు నిర్ణయించాలి. అతడు సూప్ అంటే ఇందుజ వద్దంది; సలాడ్ అంటే శ్రమ ఎందుకంది; కేకు అంటే ఇప్పుడే తిని వచ్చానంది. గడువు ముగిసేసరికి ఆ విందులో మంచినీళ్లు తప్ప మరేమీ మిగలలేదు. మూడోసారీ తప్పితే, జర్మనీ ఆసుపత్రివారు ఆమె కోసం ఆపి ఉంచిన ఉద్యోగం మరొకరికి పోతుంది.

తాడేపల్లిగూడెంలో జర్మన్ నేర్పే జ్యోత్స్నగారు విసిగిపోయి బోర్డు మీద నాలుగు మాటలు రాశారు.

"'గెర్న్' అంటే సంతోషంగా. 'క్లింగ్ట్ గూట్' అంటే వినడానికే బాగుంది. 'వరుమ్ నిష్ట్' అంటే ఎందుకు కూడదు? 'ఫోన్ మియర్ ఔస్' అంటే నాకేం అభ్యంతరం లేదు. చూడమ్మా ఇందుజా, అక్కడ వద్దంటే వద్దనే అర్థం, మళ్లీ అడగరు. ప్రతిపాదన రాగానే అంగీకారం చెప్పెయ్యాలి. ఈ వారమంతా ఎవరేం పెడతామన్నా ఒప్పేసుకో."

ఆదివారం ఆమె కొల్లేటి ఊళ్లోని పిన్ని రత్నమాణిక్యం ఇంటికి వెళ్లింది. బియ్యం చెరుగుతున్న పిన్ని అలవాటుగా పలకరించింది.

"రావే తల్లీ! కొర్రమీను పులుసుతో భోంచేసి వెళ్దువుగాని."

"సరే పిన్నీ, వినడానికే బాగుంది!"

పిన్ని చేతిలో చేట ఆగిపోయింది. ఆ ఇంట్లో ఆ పూట వండింది తోటకూర పప్పు.

"అదేంటే, వద్దనవా?"

"ఎందుకు తినకూడదు పిన్నీ?"

రత్నమాణిక్యం పెరటివైపు కేకేసింది. "ఏవండీ! పిల్ల ఒప్పేసుకుందండీ!"

పెరట్లో కునుకు తీస్తున్న బాబాయి తాతాజీ మంచం మీంచి లేచాడు. "మొదటిసారికేనా? ఒంట్లో బాగుందంటావా?"

ఆయన చేపల చెరువులో ఉన్నవన్నీ బొచ్చెలూ శీలావతులే. కొర్రమీను కోసం పాపం, ఎండలో పడవెక్కి పక్క ఊరికి బయలుదేరాడు. 'వద్దు బాబాయ్' అన్న మాటను ఇందుజ గొంతులోనే నొక్కేసింది. ఆ రోజు మింగినవాటిలో ముల్లున్నది ఆ మాటొక్కటే. మూడు గంటలకు పులుసు దిగింది.

"ఇంకాస్త వెయ్యనా?" అంది పిన్ని, అనుమానంగా.

"నాకేం అభ్యంతరం లేదు పిన్నీ."

ఈసారి పరీక్షలో ఆమెకు జతగా ఏలూరు ఎడ్విన్ అనే అభ్యర్థి కూర్చున్నాడు. అతడు సూప్ అనగానే ఇందుజ గెర్న్ అంది. సలాడ్ అంటే క్లింగ్ట్ గూట్ అంది. ఇక ఆమె వంతు.

"కేకు తెద్దామా?"

ఎడ్విన్ తల దించుకుని, అక్కర్లేదన్నాడు. మళ్లీ అడిగితే శ్రమ ఎందుకన్నాడు. ఇందుజకు రోగం తెలిసిపోయింది. పరీక్షాధికారి గడియారం చూసుకుంటుండగా మూడోసారి, మరింత ఆప్యాయంగా అడిగింది. ఎడ్విన్ ముఖం విప్పారింది.

"ఫోన్ మియర్ ఔస్!"

ఇద్దరూ గట్టెక్కారు. ఆ సంగతి ఫోన్‌లో చెప్పగానే రత్నమాణిక్యం పొంగిపోయింది.

"మా తల్లే! రొయ్యల ఇగురు తిందువుగాని, రా… ఆగాగు, అప్పుడే సరేననకు. బాబాయి రొయ్యలు తెచ్చాక మళ్లీ పిలుస్తాను."