సీలు విప్పని ఎర్ర రికార్డు

ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కాను. ఒళ్లో ఒక గ్రామఫోన్ రికార్డు ఉంది. పాత పాటలను మళ్లీ కొత్తగా రికార్డుకెక్కించి, ఎరుపు రంగులో కొన్ని కాపీలే తీశారు. ఎమ్మిగనూరులో నాలాగే రికార్డులు సేకరించే మిత్రుడికి చూపిద్దామని తీసుకెళుతున్నాను. కొని ఏడాదైనా సీలు విప్పలేదు. విప్పితే మా సేకరణ పిచ్చివాళ్లలో దాని విలువ పడిపోతుంది.

పక్క సీటులోని నందవరం రైతు, మార్కెట్ యార్డులో పత్తి అమ్ముకొని వస్తున్నాడు. ఒళ్లో ఏమిటని అడిగితే ఇదంతా చెప్పాను.

"పాట విన్నావా?"

"లేదు."

"మరి లోపల పాట ఉండేది నీకెట్ల తెల్సప్పా?"

"అట్ట మీద రాసి ఉంది కదా!"

అతను పకపకా నవ్వాడు. "నా పత్తి మంచిదని నేనూ సెప్తి. సేటు నమ్మినాడా? బోరెం సంచిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, పత్తి లాగి, పోగు తీసి సూసినాకనే రేటు సెప్పినాడు. నువ్వేమో కట్టు విప్పకనే ఏడాది నమ్మినావు!"

గ్రంథంలో రాసి ఉంది కాబట్టి నిజమేననే వాళ్లతో ముప్పై ఏళ్లుగా సభల్లో పోట్లాడినవాణ్ణి నేను. సిగ్గేసింది. బస్సులోనే సీలు చింపేశాను.

ఎమ్మిగనూరులో అతను పాట ఉందో లేదో చూద్దామని నందవరం బస్సు వదిలేసి, నాతోపాటు మిత్రుడి ఇంటికి వచ్చాడు. రికార్డు మీద ముల్లు ఆనగానే పాట మొదలైంది. తలూపుతూ ఆఖరిదాకా విన్నాడు. మేమిద్దరం గెలిచినట్టుగా అతని వైపు చూశాం.

"ఈ పక్క ఉందిలేప్పా," అన్నాడు. "ఆ పక్క గూడా తిప్పు, సూద్దాం."