ఓడలో చెప్పుల అలమర

ఆ రోజుల్లో మేము గచ్చిబౌలిలో ఓడలు కట్టేవాళ్లం అంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. అప్పుడూ నమ్మలేదనుకోండి. "ఆ రోజుల్లో" అన్నానని నన్ను మరీ పెద్దమనిషిని చేయకండి. నా తలలో తెల్లవెంట్రుకలు లేవు, ఉన్న నల్లవే తగ్గుతున్నాయి. కాకపోతే ఈ ఐటీ కారిడార్‌లో కాలం వేరేగా నడుస్తుంది. రెండు కంపెనీలు మారి, ఒక మేనేజర్ ముఖం మరిచిపోతే ఒక తరం గడిచినట్టు లెక్క. ఆ లెక్కన ఇది మా తాతల కాలం నాటి ముచ్చట.

మా ఆఫీసు ఒక గాజు భవనంలో ఉండేది. సముద్రానికి ఎంత దూరమంటే, అక్కడ ఉప్పు కనిపించేది క్యాంటీన్ టేబుల్ మీద మాత్రమే. ఎక్కడో యూరప్‌లో ఒక యార్డు ఓడ కడుతుంటే, ఆ ఓడ లోపలి గదులకూ, మెట్లకూ, అలమరలకూ కొలతలతో బొమ్మలు గీసి పంపడం మా పని. నేను చేరేనాటికి ఒక కొత్త మోటార్ యాట్ మొదలైంది. యాట్ అంటే బాగా ఉన్నవాళ్లు సముద్రం మీద సెలవులు గడపడానికి కట్టించుకునే ఓడ. మనం ఎండాకాలం మేడ మీద మంచం వేసుకుంటాం చూడండి, వాళ్లు నీళ్ల మీద వేసుకుంటారు, మంచంతో పాటు ఇల్లు కూడా తెచ్చుకుంటారు, అంతే తేడా. జనగామలో ఉన్న మా అమ్మకు ఫోన్‌లో ఈ సంగతి చెబితే ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. తర్వాత నెమ్మదిగా, "హైదరాబాద్‌ల ఓడలేంది బిడ్డా? మంచిగ కనుక్కున్నవా, నౌకరీ అని చెప్పి నిన్ను ఎవరన్న మోసం చేస్తలేరు గద?" అని అడిగింది. ఇరుగుపొరుగుకు మాత్రం "మావోడు కంప్యూటర్ల పని చేస్తడు" అని సర్దిచెప్పుకుంది.

మా టీం లీడర్‌ను మేము కెప్టెన్ అనేవాళ్లం. నరసాపురం వైపు మనిషి. సముద్రం పక్కన పుట్టి, సముద్రమంటే గౌరవం పెంచుకున్నాడు. (గౌరవం అంటే దూరం.) హఫీజ్‌పేట్ నుంచి ఆఫీసు బస్సులో వస్తుంటే ఫ్లైఓవర్ మలుపు దగ్గరే ఆయన కళ్లు మూసుకుని దేవుణ్ని తలుచుకునేవాడు. నీళ్ల అనుభవం కావాలని ఒకసారి టీం అంతా దుర్గం చెరువుకు పోతే, టికెట్ల కౌంటర్ దగ్గరే లైఫ్ జాకెట్ తొడుక్కుని, మేము పడవలో తిరిగి వచ్చేదాకా బెంచీ మీద అలాగే కూర్చున్నాడు. ఒడ్డున ఎవరో ఒకరు బాధ్యతగా ఉండాలట. ఆయన చేతిలోనే మా ఓడ ఉంది.

ప్రతి గురువారం మధ్యాహ్నం యార్డు నుంచి ఫోటోలు వచ్చేవి. ఆ గంట మా ఫ్లోర్‌లో ఎవరూ టీకి పోయేవాళ్లు కాదు. మొదట్లో ఎండబెట్టిన పెద్ద చేప ముల్లులాగా అల్యూమినియం పక్కటెముకలు మాత్రమే కనిపించేవి. తర్వాత వాటికి రేకు చర్మం వచ్చింది, కిటికీల కోసం కళ్లు తెరిచారు, కడుపులోకి వైర్లూ పైపులూ పేగుల్లా చేరాయి. కడుపుతో ఉన్న కోడలి గురించి ఇంట్లోవాళ్లు మాట్లాడుకున్నట్టు, ఈ వారం ఏం పెరిగింది, వచ్చే వారం ఏం పెరుగుతుంది అని మేము గుసగుసలాడుకునేవాళ్లం. ఇంజన్లు దించిన వారం కెప్టెన్ ఆ ఫోటోను ప్రింటు తీసి, బొట్టు పెట్టి, ప్రింటర్ కింద ఒక నిమ్మకాయ ఉంచాడు. కొత్త బండికి చేసినట్టే. సాయంత్రానికి ఆ నిమ్మకాయ ఎవరి మజ్జిగలోకో పోయింది. ఇంజన్లకు మాత్రం ఏమీ కాలేదు, అది వేరే విషయం.

నాకు ఇచ్చింది ఓడ వెనక తలుపు దగ్గరి చిన్న హాలు. రేవు నుంచి ఎక్కినవాళ్లు మొదట కాలు పెట్టే చోటు. దాన్ని స్క్రీన్ మీద ఎంత తిప్పి చూసినా ఏదో వెలితి. మూడో రోజుకు అర్థమైంది. చెప్పులు ఎక్కడ విడుస్తారు? పాలరాయి ఉంది, పూలకుండీకి గూడు ఉంది, గొడుగులకు చోటుంది, చెప్పులకు లేదు. అడిగితే, యాట్‌లో అందరూ వట్టికాళ్లతోనే తిరుగుతారని, బూట్లు ఎక్కే దగ్గర ఒక బుట్టలో పడేస్తారని తెలిసింది. బుట్టలో! అంత ఇల్లు కట్టి, గడపలో బుట్ట పెడతారా? నా ప్రాణం ఒప్పుకోలేదు. ఎవరూ అడగకుండానే తలుపు పక్కన ఒక చెప్పుల అలమర గీశాను. నేను సొంతంగా గీసిన మొదటి వస్తువు అది. అప్పటిదాకా నేను చేసిందల్లా వేరేవాళ్ల గీతలు చెరిపి మళ్లీ అక్కడే గీయడం.

యార్డులో మా బొమ్మలు చూసే ఇంజనీరును గడ్డం సార్ అనుకునేవాళ్లం. వీడియో కాల్‌లో మాకు ఎప్పుడూ ముఖంలో కింది సగమే కనిపించేది. ఆయన నా అలమర చూసి, బరువు ఎక్కువ, తీసేయండి అన్నాడు. నేను తీయలేదు, లోపల బోలుగా ఉండే తేలిక పలకలతో మళ్లీ గీసి పంపాను. తలుపు తెరిస్తే దారికి అడ్డం అన్నాడు. పక్కకు జరిగే తలుపు పెట్టాను. జరిగే తలుపు అలలకు కొట్టుకుంటుంది అన్నాడు. గొళ్లెం పెట్టాను. నాలుగోసారి ఆయన విసుగు లేకుండా, అదే అసలు భయం, చాలా మర్యాదగా చెప్పాడు: ఆ హాల్లో ట్రే పట్టుకున్న మనిషీ ఎదురొచ్చే మనిషీ తప్పుకుని పోగలరని వచ్చే గురువారంలోగా చూపిస్తే ఉంచుతాను, లేకపోతే ఆ గోడ మూసేస్తున్నాను.

కాల్ అయ్యాక కెప్టెన్ నన్ను పక్కకు పిలిచాడు. "అబ్బాయ్, చెప్పుల గురించి ఇంత పట్టుదల నేనెక్కడా చూళ్లేదు. ఆ అలమర నిలిస్తే నువ్వు ఇంటీరియర్‌లోనే ఉంటావు. పోయిందనుకో, పై నుంచి అడుగుతున్నారు, నిన్ను పైపుల టీంకి పంపాలి" అన్నాడు. పైపుల టీం అంటే ఓడలోని మరుగుదొడ్ల పైపులు ఎటు పోతాయో గీసేవాళ్లు. గౌరవమైన పనే. కానీ అమ్మకు ఏమని చెప్పను? ఓడలే నమ్మలేదు ఆమె.

స్క్రీన్ మీద ఎంత చూపించినా బొమ్మ బొమ్మే. అందుకని ఆదివారం పొద్దున్నే రెండు సంచుల ముగ్గు కొనుక్కుని, హఫీజ్‌పేట్‌లో నేను కిరాయికి ఉంటున్న అపార్ట్‌మెంట్ టెర్రస్ మీదికి ఎక్కాను. టేపుతో కొలిచి, దారం లాగి, ఓడ వెనక తలుపు, హాలు, మెట్లు, వసారా అన్నీ అసలు కొలతలతో ముగ్గు పోశాను. అలమర ఉండాల్సిన చోట మా గదిలోని అట్టపెట్టెలు పేర్చాను. చెప్పకూడదు గానీ, చాలా అందంగా వచ్చింది. దూరం నుంచి చూస్తే నేరం జరిగిన చోటులా ఉంది.

నీళ్ల ట్యాంకు చూడ్డానికి వాచ్‌మన్ ఎల్లయ్య మామ పైకొచ్చాడు. పాలమూరు మనిషి, ఈ పనికి రాకముందు ఎన్నో బిల్డింగులు కట్టిన చెయ్యి. ముగ్గును ఒక చివర నుంచి ఇంకో చివరకు చూశాడు.

"ఏంది సారు గిది?"

"ఓడ, మామా."

ఎల్లయ్య మామ నా ముఖంలోకి చూశాడు, ఆకాశంలోకి చూశాడు, గబగబా కిందికి పోయాడు. పోయి చేయాల్సిందే చేశాడు. కట్టడం పనిలో ముగ్గు పోశారంటే మర్నాడు గుంత తీస్తారని అర్థం. అసోసియేషన్ సెక్రటరీ గారికి, బిల్డర్ మనుషులు వచ్చి పైన ఇంకో ఫ్లోర్‌కు ముగ్గు పోస్తున్నారని చెప్పేశాడు. టీవీలో పూజ చూస్తున్న సెక్రటరీ గారు లేచారు. ఆయన కాకినాడలో విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన లేస్తే మెట్ల మీద ఇంకో పదిమంది లేచినట్టే. అందరూ పైకొచ్చారు. సరిగ్గా అప్పుడే నాకు ధైర్యం చెప్పడానికి వచ్చిన కెప్టెన్ గుంపు వెనక చిక్కుకుని, ఎవరో "బిల్డర్ ఇతనే" అనేసరికి, ట్యాంకు పైపు పట్టుకుని నిలబడిపోయాడు.

నేను మొత్తం చెప్పాను. ఓడ, యూరప్, హాలు, అలమర, గురువారం. సెక్రటరీ గారు ఓపికగా విన్నారు. ముప్పై ఏళ్లు కరెంటు ఫిర్యాదులు విన్న చెవులవి.

"అయితే మా పైన ఫ్లోర్ కట్టట్లేదంటారు."

"కట్టట్లేదండి."

"ఈ ఓడకి ముఖం ఎటండీ? తూర్పేనా?"

"ఎటు తిప్పితే అటు, సార్."

గుంపులో ఒక కలవరం కదిలింది. మరి వంటగది ఆగ్నేయంలో ఎలా ఉంటుందని వెనక నుంచి ఎవరో అడిగారు. పొద్దున ఆగ్నేయంలో, సాయంత్రం వాయవ్యంలో ఉంటుందని చెప్పాను. అలాంటి ఇల్లు కొనుక్కున్నవాళ్ల మీద అందరికీ జాలి కలిగింది, దాంతో నా మీద కోపం పోయింది. సందు దొరికింది కదా అని నేను వెంటనే, కాస్త లోపలికి వచ్చి నడిచి చూపిస్తారా, ఎదురెదురుగా తప్పుకుని పోగలరో లేదో తెలియాలి అని బతిమాలాను. ఎల్లయ్య మామ చేతికి ఒక ప్లాస్టిక్ ట్రే, దాని మీద నాలుగు గ్లాసులు పెట్టాను. కాస్త భారీ మనిషైన సెక్రటరీ గారు ఎదురు నుంచి రావాలి. ఆయన రెండడుగులు వేసి ఆగారు. "సార్, మీరు గోడలో ఉన్నారు" అన్నాను. ఆయన ఉలిక్కిపడి వెనక్కి జరిగి, ఆ ముగ్గు గీతకు సారీ చెప్పారు. మళ్లీ నడిచారు, నేను ఫోన్‌లో వీడియో తీశాను. అట్టపెట్టెల పక్కనుంచి ట్రే అటు, ఆయన ఇటు, గ్లాసు కదలకుండా దాటిపోయారు. కెప్టెన్ కూడా ధైర్యం చేసి లోపలికి వచ్చాడు. గాలి కాస్త ఎక్కువగా వీచేసరికి అట్టపెట్టె మీద కూలబడి, "కొంచెం ఊగుతున్నట్టుంది కదండీ" అన్నాడు.

ఫోటో తీద్దామని ఫోన్ ఎత్తి నాలుగడుగులు వెనక్కి వేశాను. ఏదో కాలికి తగిలి పడబోయాను. కిందికి చూస్తే చెప్పులు. ఓడ తలుపు గీత బయట, నేను రేవు నుంచి ఎక్కే మెట్టు గీసిన చోట, ఒకదాని మీద ఒకటి గుట్టగా ఉన్నాయి. హవాయి చెప్పులు, శాండల్స్, కెప్టెన్ ఆఫీసు బూట్లు, ఎల్లయ్య మామ టైరు చెప్పులు. విడవమని నేను ఎవరితోనూ అనలేదు. గోడ లేదు, తలుపు లేదు, కప్పు లేదు, ఎండకు టెర్రస్ కాలుతోంది. అయినా లోపలికి రండి అన్నాను కాబట్టి ప్రతి ఒక్కరూ గీత దగ్గర ఆగి, చెప్పులు విడిచి, కాళ్లు కాలుతున్నా వచ్చారు. నేను నా కాళ్లు చూసుకున్నాను. వాటికీ చెప్పులు లేవు.

గురువారం కాల్‌లో, మనుషులు తప్పుకుపోయే వీడియోను గడ్డం సార్ ఒకసారి చూసి పక్కన పెట్టాడు. చెప్పుల గుట్ట ఫోటో దగ్గర మాత్రం ఆగిపోయాడు. విడవమని మీరు చెప్పారా అని అడిగాడు. లేదన్నాను. తలుపు ఉందా? లేదు, పిండి గీతే. గడ్డం స్క్రీన్‌కు ఇంకాస్త దగ్గరికి వచ్చింది. తర్వాత కెమెరా సర్దుకుని మొదటిసారి ముఖం మొత్తం చూపించాడు. నవ్వుతున్నాడు. బుట్ట నిండి బూట్లు కింద పడటం, వాటికి కాలు తట్టుకుని పనివాళ్లు పడటం ప్రతి ఓడలోనూ చూశానని, ఇంతకాలం అది మనుషుల తప్పు అనుకున్నానని అన్నాడు. అలమర ఉంటుంది, కానీ ఎత్తు సగం చేయండి, పైన మెత్త వేసి కూర్చుని బూట్లు విప్పుకునేలా అన్నాడు. కాల్ పెట్టేశాక కెప్టెన్ నా భుజం మీద చెయ్యేసి, ప్రింటర్ కింద ఇంకో నిమ్మకాయ పెట్టాడు. పైపుల టీంకు ఇంకెవరో పోయారు. పాపం, బాగానే ఉన్నాడట.

ఆ తర్వాత గురువారాల్లో నా కళ్లు ఓడ మీద ఉండేవి కావు, ఆ మూల మీదే. ఒట్టి గోడ వచ్చింది, పలకలు వచ్చాయి, పైన వాల్‌నట్ చెక్క పొర వచ్చింది, ఇత్తడి గొళ్లెం వచ్చింది. ఆఖరికి ఓడ నీళ్లలోకి దిగిన రోజు ఫోటోలు వచ్చాయి. ఎండలో మెరిసిపోతున్న తెల్లటి ఓడ, జెండాలు, పూలు. అందరూ ఓడను చూస్తుంటే నేను ఆ హాలు ఫోటోను పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి చూశాను. నా అలమర ఉంది. పైన నీలం మెత్త, కింద మూసిన తలుపు, కొలత తప్పకుండా. దాని ముందు, దారికి అడ్డంగా, ఎవరివో ఆరు జతల బూట్లు.

కెప్టెన్ నా వెనక నిలబడి చూశాడు. "బాధపడకండి. మన ఇళ్లల్లో మాత్రం స్టాండులో పెడతామా ఏంటి" అన్నాడు. (అలమర నిలిచాక నన్ను 'అండి' అనడం మొదలుపెట్టాడు.)

నిజమే. ఇప్పుడు మదీనాగూడలో మా తలుపు పక్కన మంచి చెప్పుల స్టాండు ఉంది. నేనే గీసి చేయించాను. అది ఖాళీగా ఉంటుంది, చెప్పులు దాని ముందు ఉంటాయి. ఆ ఓడ ఇప్పుడు ఏ సముద్రం మీద, ఎటు ముఖం పెట్టి ఉందో నాకు తెలియదు. ఎప్పుడైనా హఫీజ్‌పేట్ పోతే ఎల్లయ్య మామను పలకరించి, పాత టెర్రస్ ఎక్కుతాను. ముగ్గు మొదటి వానకే పోయింది. అయినా ఆ మూలకు రాగానే కాళ్లు వాటంతటవే ఆగుతాయి. చెప్పులు విడిచి, సెక్రటరీ గారి గోడకు తగలకుండా కాస్త పక్కకు తప్పుకుని, లోపలికి వెళ్లి నిలబడతాను. గాలి వీస్తే, కెప్టెన్ చెప్పింది అబద్ధం కాదు, కొంచెం ఊగినట్టే ఉంటుంది. దిగేటప్పుడు చూసుకుంటే నా చెప్పులు దారికి అడ్డంగానే ఉంటాయి.