దాచిన బ్రేకులు

ఒక మనిషిని మళ్ళీ చూడాలన్న ఆశతో చెయ్యాల్సిన పనిలో సగం వెనక్కి దాచుకున్నవాణ్ణి ఏమనాలి? దొంగ అందామంటే ఎవరి సొమ్మూ ముట్టలేదు. మంచివాడు అందామంటే నోరు రాదు. ఒక బ్రేకుల మేస్త్రీని తలుచుకున్నప్పుడల్లా ఈ ప్రశ్న ఎదురొచ్చి నిలబడుతుంది. జవాబు ఇప్పటికీ దొరకలేదు. కథ మాత్రం చెప్పగలను.

అతన్ని అందరూ చెవుల మేస్త్రీ అనేవారు. చెవులేమీ పెద్దవి కావు. బండి గేటు దాటి షెడ్డులోకి వచ్చే పది గజాల్లోనే దాని జబ్బు విని చెప్పేసేవాడు. "కుడి ముందు చక్రం, లోపలి బ్రేకు ప్యాడు" అనేవాడు, తలెత్తకుండానే. చక్రం విప్పి చూస్తే ప్యాడు అరిగి రేకు తేలి ఉండేది. షెడ్డు అతని బావది, అంటే అక్క మొగుడిది. సొట్టలు తీయడం, రంగు కొట్టడం బావ పని. బ్రేకులు బావమరిది పని. ముందుగదిలో ఫోను దగ్గర అక్క కూర్చునేది. రేకుల కప్పు, నూనె తాగి నల్లబడ్డ గచ్చు, గోడకి సైజుల వారీగా తగిలించిన పానాలు. యాభై రెండేళ్ళ బతుకులో ముప్పై ఏళ్ళు ఆ కప్పు కిందే గడిచాయి. పెళ్ళి మాట వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక బండి జాకీ మీద ఉండేది. "ముందు దీన్ని దించనీ అక్కా" అనేవాడు. అది దిగేసరికి ఇంకోటి ఎక్కేది. అలా వయసు దిగిపోయింది.

అతనికి ఒకే ఒక్క పిచ్చి. తొమ్మిదేళ్ళ కిందట పాత ఇనుము యార్డులో ఒక స్పోర్ట్స్ కారు కనిపించింది. వెనక సగం నుజ్జయిపోయింది గానీ ముందు బ్రేకులు మాత్రం చెక్కుచెదరలేదు. అన్నం పళ్ళెమంత డిస్కులు, వాటిని రెండువైపులా పట్టుకునే ఎర్రటి కాలిపర్లు. మామూలు కారుకి ప్యాడ్ని నొక్కే పిస్టన్ ఒకటుండే చోట వాటికి నాలుగు. అడిగి విప్పుకొచ్చి, పాత దుప్పట్లో చుట్టి, పనిబల్ల కింద పెట్టుకున్నాడు. నెలకోసారి మూట విప్పి తుడిచి మళ్ళీ చుట్టేవాడు.

"ఏరా, పెళ్ళాం నగలా అవి?" అనేవాడు బావ. "పెట్టుకునే మెడ లేదు గానీ తుడవడం మాత్రం నెలనెలా!"

"సరైన బండి రావాలి బావా."

"వస్తుంది, వస్తుంది. నీకు పెళ్ళికూతురు వచ్చిన రోజే."

రావాల్సిన బండి అప్పటికే వస్తోంది. బూడిదరంగు సెడాన్. తోలేది కళ్ళద్దాలామె. కొండమీద కంటాసుపత్రిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని ఆమెది. కిందనుంచి పైకి పద్నాలుగు మలుపులు. కారు వాళ్ళ నాన్న నడిపినది. ఆయన పోయాక ఇంట్లో ఆమే, వాళ్ళమ్మే. ఏడాదికోసారి బ్రేకులు చూపించుకోడానికి షెడ్డుకి వచ్చేది.

నాలుగేళ్ళ కిందట ఒకసారి ప్యాడ్లు మార్చాక, బ్రేకు ఆయిలు కూడా మారుద్దామని చూస్తే డబ్బా ఖాళీగా ఉంది. "ఓ నెల పోయాక రండమ్మా, అదీ మార్చేస్తాను" అన్నాడు మేస్త్రీ. అప్పటికది నిజం. నెల తర్వాత ఆమె వచ్చింది. వస్తూ చేతిలో చిన్న పెట్టె తెచ్చింది.

"పోయినసారి చూశాను మేస్త్రీ గారూ, కొలతబద్దని చెయ్యి చాచినంత దూరం పెట్టి చదివారు. ఈ అద్దాలు పెట్టుకోండి, దగ్గరా దూరమూ రెండూ తేటగా కనిపిస్తాయి."

పెట్టుకున్నాడు. కొన్నేళ్ళుగా ముద్దగా కనిపిస్తున్న గీతలు ఒక్కోటీ విడివడి నిలబడ్డాయి. ఆ అద్దాలతోనే తలెత్తాడు. కనుబొమ్మ పక్కన చిన్న పుట్టుమచ్చ, చెవి వెనక తెల్లబడ్డ పాయ. అంతదాకా అతనికి ఆమె గొంతే తెలుసు.

ఆ తర్వాత షెడ్డులో ఆయిలు డబ్బా ఎప్పుడూ ఖాళీ కాలేదు. "ఓ నెల పోయాక రండమ్మా" అన్న మాటా ఆగలేదు. ఒక రాకలో ప్యాడ్లు, ఇంకో రాకలో ఆయిలు. ఏడాదికి ఒక్క అరగంట కాస్తా రెండు అరగంటలైంది. ఆమె ఎత్తుపీట మీద కూర్చుని, పైన పొగమంచు గురించీ, అద్దాలు పెట్టుకోగానే గోడ గడియారం చూసి ఏడ్చిన ముసలాయన గురించీ చెప్పేది. ఇతను చక్రం పక్కన కూర్చుని వినేవాడు. ఆ గంట కోసం మిగిలిన ఏడాదంతా గేటువైపు చెవి పెట్టుకుని ఉండేవాడు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఆమెని అతను అడగలేదు. అతన్ని ఆమె కూడా అడగలేదు.

బ్రేకు ఆయిలుకి ఒక గుణం ఉంది. గాలిలో తేమని తాగుతుంది. నీరు చేరిన ఆయిలు, కొండ దిగుతూ అదేపనిగా బ్రేకు తొక్కితే, వేడెక్కి మరుగుతుంది. బుడగలు పుడతాయి. ఇక కాలికింద గాలి తప్ప ఏమీ ఉండదు. అందుకే పెన్నులాంటి ఒక మీటరు ఉంటుంది. ఆయిల్లో ముంచినప్పుడు పచ్చదీపం వెలిగితే మంచిదని, ఎర్రదీపం మార్చెయ్యమని.

పోయినసారి ఆమె వచ్చినప్పుడు మీటరు ముంచాడు. ఎర్రదీపం వెలిగింది. కొత్త డబ్బా వెనక అలమరలోనే ఉంది. మీటరు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఓ నెల పోయాక రండమ్మా" అన్నాడు.

నెల పోయింది. ఇంకో నెల పోయింది. వాళ్ళమ్మకి ఒక కంటికి ఆపరేషను, అది మానాక రెండో కంటికి. ఆ సంగతి అతనికి తెలీదు. బండి చప్పుడైనప్పుడల్లా చేతిలో పానా ఆగేది.

ఐదో నెలలో బూడిదరంగు సెడాన్ వచ్చింది, ఇంకో బండి వెనక తాడు కట్టించుకుని. ఎడమ అద్దం విరిగింది. తలుపుదాకా మట్టి. వెనకసీట్లో కంటికి కట్టుతో వాళ్ళమ్మ, ముందు సీటుని రెండుచేతులా పట్టుకుని కూర్చునుంది. పట్టు ఇంకా వదల్లేదు. కళ్ళద్దాలామె దిగింది.

"తొమ్మిదో మలుపు దగ్గర… బ్రేకు, బురదలో కాలు పెట్టినట్టు, దిగిపోయింది మేస్త్రీ గారూ. ఎంత తొక్కినా ఏమీ లేదు. లోయవైపు పోకుండా మట్టిగట్టుకి రాసుకుంటూ ఆపాను."

అక్క మంచినీళ్ళు తెచ్చి ముందు పెద్దామెకి పట్టింది. మేస్త్రీ చెయ్యి జేబులో మీటరు మీదికి పోయి అక్కడే ఉండిపోయింది.

"దారిలో ఫోను చేస్తే మా ఆసుపత్రి డాక్టరుగారు ఒకటన్నారు" అందామె. "ఈ బ్రేకులు కొండకి సరిపోవట, స్పోర్ట్స్ కారువి వేయించుకోమన్నారు. వెయ్యొచ్చా?"

బావ రంగు గుడ్డ భుజానేసుకుని పరిగెత్తుకొచ్చాడు. "వెయ్యొచ్చా అంటారేంటి మేడమ్! తొమ్మిదేళ్ళుగా మీకోసమే దాచాడు మావాడు. ఏరా, తియ్యి మూట!"

"బావా, నువ్వుండు."

"నాకేం తెలీదు మేస్త్రీ గారూ" అందామె. "మీరేం చెబితే అది. మీ మాటమీదేగా ఇన్నాళ్ళూ దిగాను ఆ కొండ."

అంతకంటే తిట్టినా బాగుండేది. "రేపు సాయంత్రం చెబుతాను" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మూట విప్పాడు. సెడాన్ ముందు చక్రం ఊడదీసి, ఎర్ర కాలిపర్ని రెండుచేతులా ఎత్తి అక్కడ ఆనించి చూశాడు. అందంగా ఉంది. తొమ్మిదేళ్ళుగా అనుకున్నదానికంటే అందంగా ఉంది. బోల్టు కన్నాలు కలవలేదు. చక్రం వేసి తిప్పితే కాలిపర్ని రాసుకుంది.

"కన్నాల సంగతి నాకొదిలెయ్, బ్రాకెట్ నే చేసిస్తా" అన్నాడు బావ. "చక్రాలు పెద్దవి వేద్దాం. ఇంకేంటి నొప్పి?"

"ముందు ఇంత గట్టిగా పట్టి, వెనక పాతవే ఉంటే తూకం ఎక్కడుంటుంది బావా? ఈ పిస్టన్లన్నిటికీ ఆయిలు చాలక పెడలు ఇంకా కిందికి పోతుంది. అయినా బండిని నిలబెట్టేది టైరు."

"పాఠం చెప్పకు. మూడునెల్లకోసారి తెచ్చి చూపించుకోవాల్సిన సరుకిది. ఏడాదికి నాలుగుసార్లురా వెర్రిబాగులోడా! లెక్క నాకు తెలీదనుకున్నావా? ఆ ఎత్తుపీట నువ్వు తుడిచిన రోజు ఆ బండి వస్తుందని మీ అక్కే చెబుతుంది."

మేస్త్రీ చెవులు ఎర్రబడ్డాయి. బావ చెప్పింది అతనూ రాత్రంతా లెక్కేసుకున్నదే. ఏడాదికి నాలుగు అరగంటలు. పైగా ఆ ఎర్రటివి బిగించాక పాత ఆయిలు గురించి ఎవరడుగుతారు? తప్పంతా పాత బ్రేకులదైపోతుంది. ఎంత మురిపెంగా దాచుకున్న వస్తువు, ఎంత చక్కగా తన తప్పుకి మూతలా సరిపోతోంది! కాలిపర్ బరువుకి మణికట్లు లాగాయి. కిందికి దించి, దుప్పట్లో చుట్టేశాడు.

సాయంత్రానికి, వేడికి కాలి గట్టిపడ్డ ప్యాడ్లు తీసి కొత్తవి వేశాడు, గొట్టాలు మార్చాడు. విరిగిన అద్దం చోట బావ కొత్తది బిగించాడు. మిగిలింది ఆయిలు. ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు పెడలు తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర నట్టు వదులు చేసి పాత ఆయిలూ గాలీ బయటికి పంపాలి. బావ ఒక తలుపుకి రంగు కొడుతున్నాడు, మధ్యలో ఆపితే మచ్చ పడుతుంది. అప్పుడే ఆమె వచ్చింది.

"నేను తొక్కుతాను" అంది, చెప్పులు విప్పి సీట్లో కూర్చుంటూ.

అతను వెనక చక్రం పక్కన చతికిలబడి, నట్టుకి సన్నగొట్టం తగిలించి, రెండో కొస సీసాలో పెట్టాడు.

"మూడుసార్లు తొక్కండి. ఆ. ఇప్పుడు పట్టుకోండి."

"కిందికి పోతోంది."

"పోనివ్వండి. నే చెప్పేదాకా కాలు తీయొద్దు… వదలండి."

ఆమె కాలి ఒత్తిడి అంత పొడవు గొట్టంలోంచి వచ్చి అతని వేళ్ళ దగ్గర తెలుస్తోంది. నాలుగేళ్ళలో ఇద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే. రెండో చక్రం అయ్యేసరికి సీసా నిండింది. పారబొయ్యడానికి లేచాడు. ఆమె కిటికీలోంచి చూసింది.

"కషాయంలా ఉందేం? అంత నల్లగా ఉండొచ్చా?"

కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. ఆమె మొహం మసకబడింది. ఆ మసకతోనే చెప్పాడు.

"ఉండకూడదమ్మా. పోయినసారే మార్చాల్సింది. మీటరు ఎర్రగా చూపించింది. డబ్బా కూడా ఉంది. నేనే మార్చలేదు."

"మర్చిపోయారా?"

"లేదు. అట్టే పెట్టాను. నెలకి మళ్ళీ వస్తారని."

షెడ్డులో బావ రంగు మిషను చప్పుడు ఒక్కటే. తర్వాత అదీ ఆగింది.

"మా అమ్మ వెనకసీట్లో ఉంది మేస్త్రీ గారూ" అందామె.

అతను తల ఊపాడు. ముందు చక్రాల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. బండి లోపల్నుంచి ఆమె గొంతు వినిపించింది. "తొక్కమంటారా?"

"తొక్కండి."

ఆ రెండు చక్రాలకీ మాటలు అవే. తొక్కండి, పట్టుకోండి, వదలండి. చివర్లో గొట్టంలో ఆయిలు తేనెరంగులో వచ్చింది. మీటరు ముంచి, పచ్చదీపం ఆమెకి చూపించాడు.

"ఆ ఎర్రవి వెయ్యట్లేదా?"

"అక్కర్లేదమ్మా. మీ బండి బ్రేకులు మంచివే. కొండ దిగేటప్పుడు రెండో గేరులో పెట్టి దిగండి, బ్రేకు మీదే కాలేసి కూర్చోకండి. ముందద్దం కింద అట్టముక్క పెట్టాను, రెండేళ్ళ తర్వాతి తేదీ ఉంది. అప్పుడు ఆయిలు మార్పించండి. ఏ షెడ్డులోనైనా మారుస్తారు."

ఆమె అట్టముక్క చదివింది. "ఈసారి ఏమీ అట్టే పెట్టలేదుగా?"

"లేదు. అన్నీ చేశాను."

"మొదటి మలుపుదాకా పోయి చూసొస్తాను" అంది. అతని మొహంకేసి చూసింది గానీ కోపమో మరేమిటో అతనికి తెలీలేదు. తుడిచిన కళ్ళజోడు ఇంకా చొక్కా జేబులోనే ఉంది.

బండి గేటు దాటింది. అతను చేతులు కడుక్కున్నాడు. పనిబల్ల కింది మూట లాగి బావ ముందు పెట్టాడు.

"ఎవరికైనా ఇచ్చెయ్ బావా. సరైన బండికి."

"ఏమైందిరా?" అన్నాడు బావ. మొట్టమొదటిసారి అందులో వేళాకోళం లేదు.

మేస్త్రీ కళ్ళజోడు పెట్టెలో పెట్టి, పెట్టె జేబులో వేసుకుని, వెనక తలుపు తీశాడు. పాత ఇనుము యార్డు పక్కన సన్నటి సందు. పది అడుగులు వేశాడో లేదో, ముందు గేటు దగ్గర సెడాన్ చప్పుడు. గేటు ముందు దిగుడు దగ్గర బ్రేకు పడింది. కీచు లేదు, రాపిడి లేదు, చక్రాలు నాలుగూ ఒక్కసారే మెత్తగా పట్టాయి. బండి ఎక్కడ నిలవాలో అక్కడ నిలిచింది. తలుపు తెరుచుకుంది.

"మేస్త్రీ గారేరీ?" అన్న గొంతు వినిపించింది.

"ఇప్పుడే ఇక్కడే ఉన్నాడమ్మా" అంది అక్క. "ఒరేయ్ తమ్ముడూ!"

ఎత్తుపీట జరిగిన చప్పుడైంది. ఆమె కూర్చుందో, పక్కకి జరిపిందో చప్పుడునిబట్టి చెప్పగలిగిన చెవులే అవి. ఆ తేడా వినడానికి ఆగకుండా మేస్త్రీ నడక వేగం పెంచి సందు మలుపు తిరిగిపోయాడు.